యమ్ తలే నీళ్లు నీళ్లుగా, చప్పగా వస్తోందా?

సాస్ విడిగా నాకి చూస్తే పులుపు, ఉప్పు, కారం సరిగ్గా ఉన్నాయి. కలిపిన పది నిమిషాలకే సలాడ్ చప్పబడింది, గిన్నె అడుగున నీళ్లు చేరాయి. ఈ థాయ్ సీఫుడ్ సలాడ్ ఇంట్లో చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. దాదాపు అందరూ అప్పటికే ఇంకో చెంచా ఫిష్ సాస్ (చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే ఉప్పటి రసం) పోసేసి ఉంటారు. దయచేసి పోయకండి. ముందు ఆ అడుగు నీళ్లు చెంచాతో తీసి రుచి చూడండి. పల్చగా, రొయ్యలు ఉడికించిన నీళ్లలా ఉంటే తప్పు సాస్‌ది కాదు.

ముందు చూడాల్సింది: ఉడికిన ముక్కల్ని ఐసు నీళ్లలో ముంచి, సరిగ్గా వడకట్టకుండానే కలిపేశారా? స్క్విడ్ ముక్కల వంపుల్లో నీళ్లు నిలుస్తాయి. అసలు దీనికి ఐసు నీళ్లే అక్కర్లేదు. ఇది గోరువెచ్చగా కలుపుకునే వంటకం. వడకట్టి, పొడిబట్ట మీద పరిచి, ఆవిరి పోయాక కలపండి.

ఆరబెట్టినా నీళ్లు వస్తుంటే: ఫ్రోజెన్ రొయ్యల్ని అనుమానించండి. నేను చాలాసార్లు దెబ్బతిన్నది ఇక్కడే. రొయ్య ఎండిపోకుండా పైన పల్చటి ఐసు పొర వేస్తారు, అది కరిగి పోతుంది కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. కొన్ని రకాల్ని మాత్రం ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెడతారు. అది కండలో నీటిని పట్టి ఉంచుతుంది. ఉడికించినప్పుడు కొంత పోతుంది, మిగతాది ఉప్పు, పులుపు తగిలాక మెల్లగా దిగుతుంది. పైన ఎంత తుడిచినా లాభం లేనిది అందుకే. ప్యాకెట్ వెనక 451 లేదా 452 అనే ఫాస్ఫేట్ నంబరు ఉందేమో చూడండి. లేబుల్ లేకపోతే ఉడికిన నాలుగు రొయ్యల్ని చిటికెడు ఉప్పు చల్లి పళ్లెంలో పది నిమిషాలు వదిలేయండి. చుట్టూ మడుగు కడితే సంగతి అదే.

వీలైతే ఫాస్ఫేట్ లేనివి, లేదా తాజా రొయ్యలు కొనండి. ఫాస్ఫేట్ ఉన్నవే వాడాల్సి వస్తే రాత్రంతా ఫ్రిజ్‌లో చిల్లుల గిన్నెలో పెట్టి కరిగించండి. ఉడికించాక ఒక చెంచా ఫిష్ సాస్ పట్టించి పది నిమిషాలు ఉంచండి, దిగిన నీళ్లు పారబోయండి. ఆ తర్వాతే అసలు సాస్ కలపండి. నా చేతికి కుదిరిన కొలత మూడు చెంచాల నిమ్మరసం, రెండున్నర ఫిష్ సాస్, ఒకటి తాటి బెల్లం. థాయ్‌లాండ్‌లో పెట్చబురి వైపు తీసేది కూడా తాటి బెల్లమే కాబట్టి మన తాటి బెల్లం వాడడానికి సందేహించకండి, రంగు కొంచెం ముదురుతుంది, అంతే.

టమాటా, ఉల్లి కూడా నీళ్లు వదులుతాయి. వడ్డించే ముందు కలపండి.

స్క్విడ్ రబ్బరులా సాగితే ఎక్కువ ఉడికినట్టే. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం చాలు. చేదు తగిలితే నిమ్మకాయను తొక్క నలిగేలా పిండారన్నమాట. ఫిష్ సాస్ పాడవడం చాలా అరుదు, దాన్ని చివరన అనుమానించండి.