ఎలుక కండువా: దొంగతనం కథతో ఇంట్లోనే బొమ్మల పుస్తకం చేసుకునేది ఎట్టా

దొంగతనం తప్పురా అని చెప్పే కథల్లో చివరాఖర్న ఒక పెద్దాయన వచ్చి నీతి చెప్పి పోతాడు, పిల్లకాయలు ఆ పేజీ వచ్చేసరికే లేచి ఆటకి పోయుంటారు. మనం చేసే పుస్తకంలో ఆ పెద్దాయన వద్దు. దొంగ తన గొప్పలు తను చెప్పుకుంటా ఉంటాడు, వెనకాల బొమ్మలో వాడి పని అయిపోతా ఉంటాది, వాడికి తెలీదు, చదివే పిల్లోడికి తెలుసు, మజా అంతా అక్కడే. 2012లో వచ్చిన జాన్ క్లాసెన్ పుస్తకం దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్ నడిచింది ఈ దారిలోనే, పెద్ద చేప టోపీ కొట్టేసిన చిన్న చేప ఒకటి చెప్తా ఉంటే బొమ్మలు ఇంకోటి చూపిస్తాయి, 2013లో దానికి అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ మెడల్ ఇచ్చారు. పిల్లలకి ఇంత ఘోరమైన కథలేంది అనే వాళ్ళుంటారు, అట్టాంటోళ్ళకి కొంగ మెడని ఎండ్రకాయ కొరికేసిన కథ గుర్తు చెయ్యండి, అది చెప్పే గదా మనందరికీ అన్నం పెట్టింది.

చేపా టోపీ వాళ్ళవి, మనకెందుకు. మనకి కోవూరు పక్క వరి గట్లున్నాయి, గట్లలో ఎలుకలున్నాయి, ఎలుకల కోసం జెర్రిపోతులున్నాయి. కథ ఇదీ: జెర్రిపోతు నిద్రపోతా ఉంటే పక్కనే పడున్న కుబుసాన్ని ఎలుక కొట్టేసి కండువా లెక్కన మెళ్ళో వేసుకుని పెళ్ళికొడుకులాగా తిరగతా ఉంటాది.

దొంగని ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి, వాడు ఆకలితో దొంగతనం చెయ్యకూడదు. ఆకలైన ఎలుక నాలుగు వడ్లగింజలు తీసుకుంటే పిల్లలు ఎలుక పక్షానే ఉంటారు, ఉండాలి కూడా, అప్పుడు చివర పాము వచ్చిందంటే నవ్వు రాదు, ఏడుపొస్తాది. సోకు కోసం కొట్టేసినోడైతేనే కథ నిలబడతాది.

కాయితాల సంగతికొస్తే నాలుగు ఏ4 షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకి మడిస్తే 16 పేజీలొస్తాయి. షాపులో కొనే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి, పిల్లల ఓపికకి 16 చాలు. మామూలు జిరాక్స్ పేపర్ మీద స్కెచ్ పెన్ను అవతలికి దిగిపోతాది కాబట్టి క్రేయాన్లు వాడండి, లేదంటే 100 జీఎస్ఎం కాయితం, అంటే కొంచెం మందంది, అడిగి తెచ్చుకోండి. బొమ్మలెయ్యకముందే రఫ్ కాయితాలు మడిచి పేజీ నంబర్లు వేసి మళ్ళీ విప్పి చూడండి, 1 పక్కన 16 ఉంటాది, 2 పక్కన 15 ఉంటాది, ఇది చూసుకోకుండా వేసుకుంటా పోతే పాము ముందొచ్చి ఎలుక తర్వాత పుడతాది.

1 అట్ట. 3లో కండువా వేసుకున్న ఎలుక. అక్కడ్నించి ఎలుక వాదన మొదలు, పేజీకి ఒక్క ముక్క చాలు. "పాము వదిలేసిందే గదా, వదిలేసింది తీసుకుంటే దొంగతనమా?" "అయినా అది నిద్రపోతా ఉంది." "లేచినా నేనని ఎట్టా తెలుస్తాది?" ఈ మాటలు పెద్దాళ్ళు రాయబాకండి, పిల్లల్నే అడగండి, పక్కోడి రబ్బరు తెచ్చుకున్నప్పుడు చెప్పేవన్నీ బయటికొస్తాయి.

8, 9 పేజీలు నడిమి షీటు, అతుకు లేకుండా ఒకటే కాయితం. పొడుగు బొమ్మ ఏదన్నా ఉంటే ఇక్కడే. ఎలుక గట్టు మీద నడుస్తా "ఈరోజు గట్టు మెత్తగా ఉందే" అంటాది, గట్టు మీద పొలుసులుంటాయి. అంతే, పాము అనే మాట రాయొద్దు, తల కూడా వెయ్యొద్దు, తోక మాత్రం 9వ పేజీ చివర కొంచెం కనపడనీండి. పిల్లోడు వేలు పెట్టి చూపించి అరిచేదాకా మీరు నోరు తెరవొద్దు.

అసలు దెబ్బ ఎప్పుడూ పేజీ తిప్పినాకే రావాలి, అంటే కుడిపక్క పేజీలో ఆపి తిప్పినాక ఎడమ పక్క చూపించాలి. 13లో ఎలుక కలుగులోకి దూరతా "ఇక్కడికి ఎవరూ రాలేరు" అంటాది (జెర్రిపోతు కలుగులోకి సుబ్బరంగా దూరతాదని పల్లెటూరి పిల్లలకి తెలుసు, టౌను పిల్లలకి ముందే మాటల్లో చెప్పి పెట్టండి). తిప్పితే 14, 15 నిండా చుట్ట చుట్టుకుని పడుకున్న పాము, కడుపు మధ్యలో ఉబ్బెత్తుగా. కింద ఒకే లైను: "ఆ రోజు నించి ఎలుక దొంగతనాలు మానేసింది." రక్తం, పళ్ళు, ఏమీ వద్దు. 16 వెనకట్ట మీద కలుగు బయట పడున్న కండువా, దాన్ని ఎవరూ తీసుకుపోలేదు. పాము వచ్చింది కండువా కోసం కాదు.

కుట్టడానికి జిరాక్స్ షాపులో పొడుగు స్టాప్లర్ ఉంటే రెండు పిన్నులు కొట్టించుకోండి, లేకపోతే మడత మీద మూడు బొక్కలు పెట్టి గోనెసూదితో దారం లాగి లోపల ముడెయ్యండి.

చదివేటప్పుడు గొంతు మార్చి నాటకం ఆడబాకండి, ఎలుక మాటల్ని నిజమని నమ్మినోళ్ళలాగా చదవండి. ఎలుక ఏమైంది అని అడిగితే నువ్వే చెప్పు అనండి. పిల్లోడు స్కూల్నించి ఎవుడిదో పెన్సిల్ తెచ్చుకున్న రోజు మాత్రం ఈ పుస్తకం తియ్యొద్దు, వాడి కోసమే చదవతన్నారని వాడికి ఇట్టే తెలిసిపోతాది, ఇక జన్మలో ముట్టుకోడు. బాగా చిన్న పిల్లలు, పామంటే నిద్దర్లో ఉలిక్కిపడేవాళ్ళు ఉంటే కొన్నాళ్ళు ఆగండి.

కొంతమంది ఎలుక కావాలని ఏడుస్తారు. అప్పుడు ఇంకో నాలుగు కాయితాలు ఇచ్చి రెండో భాగం వాళ్ళనే వేసుకోమనండి, బెదిరిన పాము మింగింది కక్కేస్తాది కూడా, కాబట్టి ఎలుక వెనక్కి రావడం అబద్ధమేం కాదు. కాకపోతే కండువా ఎవరిదో వాళ్ళే తేల్చుకోవాల.