పాటలో ‘ఎనీబడీ’ అర్థం తిరగబడుతోందా? ముందు క్రియ చూడండి

సమస్య: ఇంగ్లీషు పాటలో ప్రతి మాటా తెలిసిందే, అయినా మీరు చెప్పుకున్న అర్థానికీ తర్వాతి లైనుకీ పొత్తు కుదరదు.

డిక్షనరీ తెరిచే ముందు క్రియ దగ్గర డోంట్, కాంట్, ఎయింట్ లాంటి ‘కాదు’ మాట ఉందో లేదో చూడండి, ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది ఇదే. మామూలు వాక్యంలో అది ఉంటే ఎనీబడీ అంటే ‘ఎవరూ’, లేకపోతే ‘ఎవరైనా’. నోబడీకి ఆ తోడు అక్కర్లేదు, ‘నోబడీ కేమ్’ అంటే చాలు. మనం ‘ఎవరూ’ అన్నాక ‘రాలేదు’ అనే అంటాం కాబట్టి ‘నోబడీ డిడ్ నాట్ కమ్’ అని నోరు జారుతుంది.

మరి పాటలో ‘ఐ డోంట్ నీడ్ నోబడీ’ అని వస్తే? రెండు ‘కాదు’లు కలిస్తే ‘అవును’ అని లెక్క కట్టకండి. అది 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు గట్టిగా పట్టుబట్టిన నియమం, నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషుతో సహా చాలా మాండలికాల్లో అది చెల్లదు. అక్కడ అర్థం ‘నాకు ఎవరూ అక్కర్లేదు’, అంతే.

ఇక నన్ను బాగా దెబ్బ కొట్టినది వేరే ఉంది. ‘ఐ డోంట్ సింగ్ ఫర్ ఎనీబడీ’ లాంటి లైను ఒకటి చూసి ‘నేను ఎవరి కోసమూ పాడను’ అని రాసేశాను, క్రియ చూశాను, డోంట్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాతి లైనులోనేమో ఆ మనిషి ‘నీ కోసం పాడతాను’ అంటోంది! రెండు రోజులు తల పట్టుకుని, చివరికి కాగితం పక్కన పెట్టి పాట విన్నాను. ‘ఎనీ’ మీద గొంతు ఒత్తి పలికి, చివర్లో కిందికి దించకుండా కాస్త పైకి లేపి వదిలింది. అలా పాడితే అర్థం ‘ఎవరి కోసం పడితే వాళ్ల కోసం పాడను’, అంటే పాడేది ఒకరి కోసమే. ‘ఎవరి కోసమూ’, ‘ఎవరి కోసం పడితే వాళ్ల కోసం’ అని తెలుగులో రెండు మాటలుంటే ఇంగ్లీషు రెండింటికీ ఒక్క ఎనీబడీతోనే సరిపెడుతుంది, తేడా అంతా గొంతులోనే. ముందు ‘జస్ట్’ ఉంటే దాదాపు ఎప్పుడూ రెండోదే, కానీ రాగానికి అడ్డమని దాన్ని తీసేస్తుంటారు. అందుకే లిరిక్స్ మాత్రమే చదివి అర్థం తేల్చకండి, ఆ లైను విని, తర్వాతి రెండు లైన్లతో కలిపి రెండు అర్థాలూ పెట్టి చూడండి.

మిగతావి అరుదు. ‘బీ సమ్‌బడీ’ అంటే పేరున్న మనిషి కావడం, ‘ఎ నోబడీ’ అంటే అనామకుడు. సమ్‌వన్, సమ్‌బడీల మధ్య తేడా వెతుక్కుంటూ కూర్చోకండి, సమ్‌వన్ రెండు అక్షరాలుగా పలుకుతుంది, సమ్‌బడీ మూడుగా, పాటల్లో చాలాసార్లు ట్యూనుకు ఏది కుదిరితే అది వేస్తారు.