మాటలు రాని ఆటిజం పిల్లలతో సంభాషణ – పాఠం 3: మొదటి కార్డు చేతులు మారడం

మొదటి పాఠంలో బిడ్డ ఇప్పటికే ఏయే విధాలుగా చెబుతోందో రాసుకున్నారు: చెయ్యి పట్టుకుని లాగడం, అలమారా దగ్గర నిలబడి ఏడవడం, వద్దనిపిస్తే తోసేయడం. రెండో పాఠంలో ఇష్టాల జాబితా తయారైంది. ఈ పాఠంలో ఒక్కటే పని. తనకు కావలసినదాని కోసం బిడ్డ ఒక బొమ్మ కార్డు తీసి ఇంకొకరి చేతిలో పెట్టాలి.

వేలితో చూపిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఎవరూ చూడకపోయినా వేలు చూపించవచ్చు. కార్డు ఇవ్వాలంటే మాత్రం ఒక మనిషి దగ్గరికి రావాలి. తన కోరిక ఇంకొకరి ద్వారా తీరుతుందన్న సంగతి బిడ్డకు అక్కడే తెలిసొస్తుంది. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ ఈ ఆలోచన మీదే పెక్స్ (PECS – బొమ్మ కార్డులు ఇస్తూ సంభాషించడం) అనే పద్ధతిని రూపొందించారు. అందులో ఆరు దశలున్నాయి. మనం నేర్చుకునేది మొదటిది.

ముందు వస్తువు ఎంచుకోండి. జాబితాలోంచి రెండేసి వస్తువులు ఎదురుగా పెట్టి, బిడ్డ చెయ్యి దేనివైపు వెళ్తుందో చూడండి. ఎక్కువసార్లు గెలిచిన దానితో మొదలుపెట్టాలి. కొంచెం కొంచెంగా ఇవ్వడానికి వీలుండి, త్వరగా అయిపోయేదైతే మంచిది: సబ్బు బుడగలు, బిస్కెట్టు ముక్క, కాసేపు తిరిగి ఆగిపోయే బొంగరం. ఫోను ఈ దశకు పనికిరాదు. ప్రతిసారీ వెనక్కి లాక్కోవాల్సి వచ్చి పాఠం కాస్తా గొడవగా మారుతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. భోజనం, నీళ్లు, మరుగుదొడ్డి, భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకోవడం – వీటిని కార్డు ఇచ్చేదాకా ఎప్పుడూ ఆపకూడదు.

కార్డు ఐదు సెంటీమీటర్ల చదరంగా ఉంటే చాలు. వస్తువును ఖాళీ నేపథ్యంలో ఫొటో తీసి, మందపాటి అట్ట మీద అతికించి, లామినేషన్ చేయించండి. పలచటి కాగితం బల్లకు అతుక్కుపోతుంది, చిన్న వేళ్లకు అందదు.

ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు వస్తువుతో బిడ్డకు ఎదురుగా, ఇంకొకరు బిడ్డ వెనకాల కూర్చోవాలి. మధ్యలో బల్ల మీద ఒకే ఒక్క కార్డు. ఎదుటివారు అడగకుండానే రెండు బుడగలు ఊది ఊరిస్తారు. బిడ్డ బుడగల గొట్టం కోసం చెయ్యి చాపిన క్షణంలో వెనకున్నవారు ఆ చేతిని కార్డు వైపు మళ్లించి, తీయించి, ఎదుటివారి అరచేతిలో పెట్టించి వదిలిస్తారు. కార్డు అందగానే, ఆలస్యం లేకుండా, ఎదుటివారు "బుడగలు!" అంటూ ఊదాలి. బిడ్డ ఆనందిస్తుండగా కార్డును తిరిగి బల్ల మీద పెట్టేయాలి. అంతే, ఒక విడత అయింది.

బిడ్డ చెయ్యి చాపకముందే వెనకున్నవారు కదలకూడదు. కోరిక బిడ్డది, సాయం మాత్రమే మనది. మణికట్టు గట్టిగా పట్టుకోవద్దు. ముంజేతి కింద చెయ్యి వేసి నడిపిస్తే చాలు. తాకితే సహించలేని పిల్లలుంటారు. చెయ్యి లాక్కుంటే వెంటనే వదిలేసి, కార్డును బిడ్డ చేతికి, వస్తువుకు మధ్యలోకి జరిపి చూడండి.

ఎక్కువమంది తడబడేది సాయం తగ్గించేటప్పుడే. దాన్ని చివరి నుంచి తగ్గించుకుంటూ రావాలి. ముందుగా, కార్డు అరచేతి దాకా వచ్చాక వదిలే పని బిడ్డకు విడిచిపెట్టండి. అది కుదిరాక కార్డుతో ఎదుటివారి వైపు చెయ్యి చాపే పని, ఆఖరున కార్డు తీసే పని. వరుస తిప్పి ముందే తీసే సాయం ఆపేస్తే, బిడ్డ కార్డు పట్టుకుని దాంతో ఆడుకుంటూ ఉండిపోతుంది. ఇవ్వడం వల్ల ఏదో వస్తుందన్న అనుభవం అప్పటికి కలిగి ఉండదు. ఎదుటివారి అరచెయ్యి సంగతీ అంతే. మొదట్లో బిడ్డ కదలగానే తెరిచినా, క్రమంగా ఆలస్యంగా తెరవాలి. ఎప్పుడూ ముందే తెరిచి ఉంచితే బిడ్డ ఆ చేతి కోసమే ఎదురుచూస్తుంది.

"ఏం కావాలి?", "కార్డు ఇవ్వు", "అమ్మకివ్వు" – ఈ మాటలు ఈ పాఠంలో వద్దు. అడిగితేనే ఇవ్వాలని బిడ్డ నేర్చుకుంటే, ఎవరూ అడగనప్పుడు మూగగానే ఉండిపోతుంది. వెనకున్నవారు అసలు మాట్లాడకూడదు. మెచ్చుకోవడం కూడా ఎదుటివారి పనే. కళ్లలోకి చూడమని బలవంతం చేయకండి. "ఈ బొమ్మ ఏంటి?" అని పరీక్ష పెట్టకండి. బొమ్మల మధ్య తేడా పట్టడం మూడో దశ పని, ఇప్పుడు దాని అవసరమే లేదు. పాఠం లేని సమయంలో మాత్రం బిడ్డతో మామూలుగా, ధారాళంగా మాట్లాడండి. మాట రాకపోయినా కొందరు పిల్లలకు వినిపించేది అర్థమవుతుంది.

కార్డులు అలవాటైతే మాట రాదేమోనన్న భయం ఇంట్లో ఎవరో ఒకరికి ఉంటుంది. బొమ్మలు, సైగలు మాటను అడ్డుకున్నట్టు పరిశోధనల్లో తేలలేదు. కొందరు పిల్లల్లో మాటలు పెరిగాయి కూడా.

ఒకేసారి గంటసేపు కూర్చోబెట్టవద్దు. ఆరేడు విడతలు చేసి, బిడ్డకు ఇంకా ఆసక్తి ఉండగానే ఆపేయండి. రోజులో మూడు నాలుగుసార్లు చేయవచ్చు. మొహం తిప్పుకుంటే వస్తువు మీద ఇష్టం తీరిందన్నమాట, ఇంకోటి తెచ్చి దాని కార్డు పెట్టండి. రెండో మనిషి దొరక్కపోతే అక్కో అన్నో ఎదుట కూర్చోవచ్చు, వెనక మీరుండండి.

ఎవరి సాయమూ లేకుండా పదింట ఎనిమిదిసార్లు కార్డు చేతికి వస్తే, మనుషులు స్థానాలు మార్చుకుని మళ్లీ చూడండి. కనీసం ఇద్దరితో, మూడు వేర్వేరు వస్తువులతో కుదిరాక నాలుగో పాఠానికి రండి. అందులో కార్డునూ మనిషినీ బిడ్డకు దూరంగా జరుపుతాం. అప్పటికి ఒక గట్టి అట్ట ఫైలు, కొంచెం వెల్క్రో టేపు సిద్ధం చేసుకోండి: మెత్తని వైపు ఫైలుకు, గరుకు వైపు కార్డుల వెనక.