తీసేసే ముందు లెక్క రాసుకోండి: ఫుమితో ఉయెదా పద్ధతిలో చిన్న గేమ్

ఫుమితో ఉయెదా 1970లో జపాన్‌లోని హ్యోగోలో పుట్టారు. ఒసాకాలో కళలు చదివి, వార్ప్ అనే స్టూడియోలో యానిమేటర్‌గా పనిచేసి, 1997లో సోనీలో చేరారు. దర్శకుడిగా ఆయన పేరు నిలబెట్టినవి మూడే గేములు: ఇకో (2001), షాడో ఆఫ్ ది కొలోసస్ (2005), ది లాస్ట్ గార్డియన్ (2016). ఆయన పద్ధతిని అందరూ ‘తీసివేత’ అంటారు, అంటే గేమ్‌కి అక్కర్లేనివి తీసేయడం. ఆ మాట పట్టుకుని స్క్రీన్ మీదున్నవన్నీ పీకేసేవాళ్లకి చివరికి మిగిలేది ఖాళీ గేమే. ఎందుకంటే మీరు తీసేసిన ప్రతిదీ అంతవరకు ఏదో ఒక పని చేస్తూనే ఉంది. అది పోయినా ఆ పని పోదు. ఇంకెవరో దాన్ని నెత్తికెత్తుకోవాలి.

కోడ్ ముట్టుకోకముందు ఒక నిమిషం వీడియో చేయండి. ఇకోకీ షాడోకీ ఉయెదా మొదలుపెట్టింది ఇలాంటి పైలట్ వీడియోలతోనే. షాడో వీడియోలో గుర్రాలెక్కిన కుర్రాళ్లు కొందరు కలిసి ఒక మహాకాయుడి మీద పడతారు. తీరా గేమ్ వచ్చేసరికి ఒక్కడే మిగిలాడు. కాబట్టి వీడియోకే కట్టుబడాలని లేదు, రుచి తెలిస్తే చాలు. మనుషుల బదులు డబ్బాలున్నా ఫర్వాలేదు. సౌండ్ లేకుండా ఇద్దరికి చూపించి ‘ఏం జరిగింది?’ అని అడగండి. ఇద్దరూ ఒకే పని చెప్పాలి: చెయ్యి పట్టుకుని లాగాడు, లేదా పట్టుకుని పైకెక్కాడు. ఒకరు ‘కోట బాగుంది’, ఇంకొకరు ‘వెలుతురు బాగుంది’ అన్నారంటే మీ దగ్గరున్నది పెయింటింగ్, గేమ్ కాదు.

ఆ తర్వాత కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి దాంట్లో వస్తువు, రెండో దాంట్లో అది చేసే పని, మూడో దాంట్లో అది పోతే ఆ పని చేసేదెవరో రాయండి. ఒక కుర్రాడు యోర్దా అనే అమ్మాయిని చెయ్యి పట్టుకుని కోటలోంచి బయటికి తీసుకెళ్లే గేమ్ ఇకో. దాన్ని ఇలా విప్పి చూస్తే సంగతి అర్థమవుతుంది. అందులో హెల్త్ బార్, అంటే ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత, లేదు. నీడ భూతాలు కొడితే కుర్రాడు కింద పడతాడంతే, చావడు. మరి భయం ఎక్కణ్నుంచి వస్తుంది? అవి యోర్దాని ఎత్తుకుపోయి నల్లటి గుంటలోకి లాగేస్తాయి. ఆమె పూర్తిగా మునిగిపోతే ఆట అయిపోతుంది. బార్ చేయాల్సిన పనిని ఆ అమ్మాయి మోస్తోందన్నమాట. సేవ్ చేయాలంటే ఇద్దరూ రాతి సోఫా మీద కూర్చోవాలి. షాడోలో దారి చూపే బాణం గుర్తు పనిని కత్తి మీద మెరిసే వెలుగు చేస్తుంది.

అదే షాడోలో పట్టు ఎంత మిగిలిందో చూపే గుండ్రటి మీటర్ని మాత్రం ఉయెదా ఉంచేశారు. మహాకాయుడు ఒళ్లు విదిలిస్తున్నప్పుడు ఇంకెంతసేపు వేలాడగలమో కుర్రాడి ఒంటిని చూసి పోల్చుకోవడం కష్టం. మూడో గడి నిండకపోతే ఆ వస్తువు జోలికి పోకండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. చెయ్యి పట్టుకోవడమే మీ గేమ్ అనుకుందాం. ఇకోలో దానికి ఒకే బటన్, ఆర్1. దూరంగా ఉంటే పిలుపు, దగ్గరుంటే పట్టు, వదిలేస్తే చెయ్యి విడిపోతుంది. కింది అంకెలు ఇకోవి కావు, మీరు చేసే మొదటి ప్రోటోటైప్‌కి, అంటే నమూనాకి, సరిపోయేవి. ఇద్దరి మధ్య 1.2 మీటర్ల లోపుంటే పట్టు కుదరనివ్వండి. భుజానికీ భుజానికీ దూరం 1.1 మీటర్లు దాటితే చెయ్యి బిగుసుకోవాలి. అప్పుడు కంట్రోలర్‌లో 70 మిల్లీసెకన్ల చిన్న అదురు ఇవ్వండి. 1.3 దాటి 0.2 సెకన్లు అలాగే ఉంటే విడిపోనివ్వండి. ఆ 0.2 లేకపోతే మెట్ల మీద అడుగడుక్కీ చెయ్యి జారిపోయి ఆడేవాళ్లకి చిర్రెత్తుతుంది.

అందరూ బోల్తా పడేది గుమ్మాల దగ్గరే. వెనకున్న పాత్ర ముందున్నవాడి వైపు తిన్నగా నడిస్తే మూలకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. దానికి మందు: ముందు నడిచేవాడు వెళ్లిన చోటుని ప్రతి 0.25 మీటర్లకీ దాచుకోండి. చివరి 12 చోట్లు చాలు. రెండో పాత్రని ఆ జాడ వెంటే నడిపించండి, కదలిక 0.2 సెకన్లు ఆలస్యంగా మొదలవ్వాలి. ఆ కాస్త ఆలస్యం వల్లే ‘ఈమెకి నాతో రావాలని ఉందా లేదా’ అన్న అనుమానం పుడుతుంది. మోచెయ్యి సాగిపోయినట్టు కనిపిస్తే చెయ్యి పొడుగు పెంచకండి, రెండో పాత్ర నడుముని 10 డిగ్రీలు ముందుకి వంచండి.

ఇకోలో మోషన్ క్యాప్చర్ (నిజం మనుషుల కదలికల్ని రికార్డు చేసి వాడడం) లేదు, కదలికలన్నీ యానిమేటర్లు చేత్తో చేసినవే. తడబాటు, బరువు అంత బాగా కుదరడానికి అదొక కారణం. అయితే దీనికో ఖరీదుంది. సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) నడిచే గేమ్‌లో పక్కకి తిరిగే కదలికకి 20 ఫ్రేములు పెడితే బటన్ నొక్కాక సెకనులో మూడో వంతు ఊరికే పోతుంది. ది లాస్ట్ గార్డియన్‌లో కుర్రాడి నడక మొద్దుగా ఉందని చాలామంది విసుక్కున్నారు, కెమెరాని ఇంకాస్త తిట్టారు. అంచేత దిశని 5 ఫ్రేముల లోపే మార్చేయండి, ఒళ్లు మాత్రం మిగతా 15 ఫ్రేముల్లో మెల్లగా సర్దుకోనివ్వండి. పాదాలు కొంచెం జారతాయి. జారనివ్వండి, బటన్ మాట వినకపోవడం కంటే అదే నయం.

క్యాలెండర్‌లో కూడా తీసివేత ఉండాలి. షాడోకి మొదట 48 మంది మహాకాయులనుకున్నారు, అది 24 అయ్యి చివరికి 16 దగ్గర ఆగింది. ది లాస్ట్ గార్డియన్ని 2009లో ప్లేస్టేషన్ 3 కోసం ప్రకటించారు, వచ్చింది 2016లో ప్లేస్టేషన్ 4 మీద. అంత ఓపిక పట్టగలిగింది వెనక సోనీ ఉంది కనక. సాయంత్రాలు కూర్చుని చేసుకునేవాళ్లు మూడు గదులకి మించి మొదలుపెట్టకపోవడం మంచిది. తగ్గించాల్సి వస్తే మూడు గదుల్నీ తలా కాస్త చెక్కకండి, ఒక గదిని పూర్తిగా ఎత్తేయండి.

ఏదైనా తీసేసిన ప్రతిసారీ గేమ్ ఎప్పుడూ చూడని ఒకరిని పది నిమిషాలు ఆడించి, మీరు నోరు మూసుకుని కూర్చోండి. ఒకే చోట రెండుసార్లు ఆగిపోయారంటే మూడో గడిలో రాసినవాళ్లు తమ పని చేయట్లేదు. పాత వస్తువుని వెంటనే తిరిగి పెట్టేయకండి. ముందు ఆ గడిలో ఇంకో పేరు రాసి చూడండి.