అవ్వ పేరు పాపకు పెట్టాలనుకుంటే: అలివేలు పేరు మూలం నేను వెతికిన దారి

మా అవ్వ పేరు అలివేలమ్మ. పుత్తూరు దగ్గర పల్లె మాది. వీధిలో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో అరవం. మా తాత "అలివేలూ" అని పిలిచేవాడు. పక్కింటి అరవ అవ్వ గోడ మీది నుంచి "అలమేలూ" అనేది. రేషను కార్డులో అల్వేలమ్మ అని రాశారు, పొలం పాసు పుస్తకంలో అలివేలు మంగమ్మ, ఓటర్ల జాబితాలో ఒట్టి మంగమ్మ. ఈ ముగ్గురూ ఒక్క మనిషేనని రుజువు చెయ్యడానికి మా నాయన, అవ్వ పింఛను కోసం, ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాడు. అవ్వ పోయిన ఏడాదికి నాకు పాప పుట్టింది. అవ్వ పేరు పెడతానన్నాను.

"ఆ ముసలి పేరెందుకమ్మా, ఆద్య అని పెట్టుకోరాదూ" అన్నారు మా అత్తమ్మ. "దాని అర్థమేంటి?" అని మా ఆయన అడిగాడు. అత్తమ్మకు ఏదో ఒకటి చెప్పగలిగాను గానీ ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అర్థం తెలియకుండా పట్టుబట్టడం నాకే నచ్చలేదు. అందుకని నామకరణం రెండు నెలలు వెనక్కి జరిపించి, పేరు వెతకడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పాత పేరు ఒకటి ఉండి, పాపకు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుంటే, నేను నడిచిన దారి చెబుతాను.

ముందు పిలుపులన్నీ రాసుకోండి

చాలామంది నేరుగా ఫోను తీసి "అలివేలు అర్థం" అని వెతుకుతారు. నేనూ అదే చేశాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: "అలి అంటే తుమ్మెద". అలి అంటే తుమ్మెదే, సందేహం లేదు. కానీ తుమ్మెదల్లాంటి నల్లని జడ ఉన్నది అలివేణి. అది వేరే పేరు, సంస్కృతం నుంచి వచ్చింది. అలివేలులో వేణి లేదు. దొరికిన పేరు మొదట్లో సంస్కృతపు ముక్క ఒకటి కనబడగానే దానికి అర్థం అంటగట్టెయ్యడం పేర్ల జాబితాలు రాసేవాళ్ళకు అలవాటు. పాత తెలుగు పేర్లలో ఇది తరచుగా దారి తప్పిస్తుంది.

కాబట్టి అర్థం జోలికి పోకముందే ఒక కాగితం మీద పిలుపులన్నీ రాయండి. ఎవరు ఎలా పిలిచేవారు, ఏ ఊరివాళ్ళు ఎలా పలికేవారు, కాగితాల్లో ఎలా పడింది, పూర్తి పేరు ఏమిటి, ముద్దుపేరు ఏమిటి. తప్పుగా రాసిన పేర్లను కూడా వదలొద్దు. నాకు దారి చూపింది పక్కింటి అవ్వ పిలిచిన "అలమేలు", పాసు పుస్తకంలోని "మంగమ్మ". ఆ రెండూ పక్కపక్కన పెడితే అలమేలు మంగ. తిరుచానూరు పద్మావతి అమ్మవారు.

తర్వాత పెద్దవాళ్ళను అడగండి. "అర్థమేంటి" అని అడిగితే వాళ్ళు చెప్పలేరు. "ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు" అని అడగండి. మా పెద్దత్త చెప్పింది: అవ్వకు ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కలేదట. వాళ్ళమ్మ తిరుచానూరుకు మొక్కుకుని, కార్తీకంలో పంచమీ తీర్థం నాడు పద్మసరోవరంలో మునిగొచ్చిందట. అమ్మవారు ఆ కొలనులో బంగారు తామరలో వెలసింది కార్తీక శుద్ధ పంచమి నాడేనని చెబుతారు, అందుకే బ్రహ్మోత్సవాల చివర ఆ రోజు అంత జనం. ఆ మరుసటి ఏడు పుట్టిన పిల్లకు అమ్మవారి పేరే పెట్టుకున్నారు. ఇది ఏ నిఘంటువులోనూ దొరకదు. పెద్దత్తకు ఇప్పుడు చెవి సరిగ్గా వినబడదు, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఈ మాట నాకు అందేదే కాదు.

మాటను విప్పి చూడండి

ఇప్పుడు నిఘంటువు. ఇంటర్నెట్టులో ఆంధ్రభారతి ఉంది, అందులో బ్రౌను నిఘంటువు, శబ్దరత్నాకరం లాంటివన్నీ ఒకేచోట వెతకొచ్చు. పేరు మొత్తంగా కొడితే దొరక్కపోవచ్చు. ముక్కలు చేసి వెతకండి, ఒక్కో ముక్కకు తెలుగులో చుట్టాలు ఎవరున్నారో చూడండి.

అలమేలు తమిళంలో అలర్‌మేల్ మంగై. అలర్ అంటే విరిసిన పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే యువతి. పువ్వు మీద ఉన్న అమ్మాయి. తామర మీద కూర్చున్న లక్ష్మి. తమిళ మాట అని నేను మొదట కాస్త నిరాశపడ్డాను, కానీ విప్పుతూ పోతే అది పరాయి మాటగా అనిపించలేదు. అలరు అంటే తెలుగులోనూ పువ్వే. మన్మథుణ్ణి అలరువిల్తుడు అంటారు మన కవులు, పూలవిల్లు పట్టినవాడని. మనసు అలరింది అంటామే, అదీ ఈ విరియడమే. పెళ్ళి పందిట్లో పైన కట్టే గుడ్డను మేలుకట్టు అంటాం, ఆ మేలు కూడా "పైన" అనే అర్థంలోదే. తమిళమూ తెలుగూ ఒక ఇంటి భాషలు, అందుకే పేరు ఇంత సులువుగా ఇటు నడిచొచ్చింది.

మరి అలమేలు అలివేలు ఎలా అయింది? మన నోరే చేసిన పని. మాటల మధ్యలో వచ్చే "మ" తెలుగు నోట్లో "వ" అవుతూ ఉంటుంది. మామిడిని మావిడి అంటాం, ఏమిటిని ఏవిటి అంటాం, తమలపాకును తవలపాకు అంటాం. మేలు కూడా అలాగే వేలు అయింది. నడుమ ఉన్న అచ్చు కూడా వాడుకలో అరిగి "అలి" అయింది. మా పల్లెలో గోడకు అటువైపు "మేలు", ఇటువైపు "వేలు" వినబడటానికి కారణం ఇదే. పాత పేరు మీకు అంతు చిక్కకపోతే దానిలోని "వ"ను "మ"గా మార్చి ఒకసారి పలికి చూడండి.

పేరు ఎంత పాతదో తెలుసుకోవాలంటే అది ఏ పాత రచనలో కనబడుతుందో చూడాలి. తమిళ వైష్ణవ భక్తకవుల్లో ఒకరైన నమ్మాళ్వారు, తన పాటల గ్రంథం తిరువాయ్‌మొళిలో, ఆరో భాగం పదో దశకంలో, తిరుమల వేంకటేశ్వరుణ్ణి పిలుస్తూ "అలర్‌మేల్ మంగై ఉఱై మార్బా" అంటాడు. క్షణం కూడా విడిచి ఉండలేనంటూ అలర్‌మేల్ మంగ నివసించే వక్షం కలవాడా అని. వెయ్యేళ్ళకు పైబడిన మాట అది, వైష్ణవాలయాల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఆ తర్వాత మన తాళ్ళపాక అన్నమయ్య, 1408 నుంచి 1503 వరకు బతికినవాడు, ఈ పేరును తన తెలుగు పాటల్లో మళ్ళీ మళ్ళీ పాడాడు. "అలరులు కురియగ ఆడెనదే అలకల కులుకుల అలమేలుమంగ" అన్న పల్లవి ఎన్నిసార్లు వినుంటాను! అర్థం వెతికాక గానీ గమనించలేదు, ఆ పల్లవిలో మొదటి మాటలోనూ చివరి మాటలోనూ ఉన్నది ఒకే పువ్వు. ఆ రాత్రి పాపను ఒళ్ళో పెట్టుకుని నాలుగైదు సార్లు పాడుకున్నాను.

ఒక పేరు దొరికితే దాని తోబుట్టువులు కూడా దొరుకుతాయి. తాయారు అంటే తల్లి, అమ్మవారిని గౌరవంగా పిలిచే తమిళ వైష్ణవుల మాట. నాంచారు వచ్చింది నాచ్చియార్ నుంచి. ఆండాళమ్మ శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి. పేరిందేవి కంచి వరదరాజస్వామి గుడిలోని పెరుందేవి తాయారు. మీ ఇంట్లో ఇలాంటి పేరు ఉంటే, ఏ కొండకు, ఏ గుడికి మొక్కేవాళ్ళో అడగండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఇదే పేరు వేరేచోట ఏమైందో కూడా చూసుకోండి. మా ఆయన ఆఫీసులో మైసూరు మనిషి ఒకరు "అది శాపం పెట్టిన రాణి పేరు కదా" అన్నారట. నిజమే, కన్నడ దేశంలో అలమేలమ్మ కథ ఉంది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నం తీసుకున్నాక, అక్కడి పాలకుడి భార్య అలమేలమ్మ నగల కోసం తరిమిన సైనికులకు దొరక్కుండా కావేరిలో దూకిందని, తలకాడు ఇసుకపాలు కావాలని, మైసూరు దొరలకు పిల్లలు పుట్టకూడదని శపించిందని చెప్పుకుంటారు. మా అత్తమ్మ ఈ కథ విని భయపడ్డారు. నేను అన్నదొకటే: తనకు అన్యాయం జరిగితే నోరు తెరిచి చెప్పిన ఆడమనిషి ఆవిడ, మైసూరు రాజులు ఆవిడ బొమ్మ పెట్టి పూజ చేశారు. పేరు మీద నాకు గౌరవం పెరిగింది.

ఎంతమందికి ఉందో ఎలా తెలుస్తుంది

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ 1880 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎంతమందికి పెట్టారో జాబితాలు ఇస్తుంది. అందులోనూ ఏడాదికి అయిదుగురి కన్నా తక్కువ మందికి పెట్టిన పేరు కనబడదు. మన దగ్గర చేతిలో ఉన్నది ఓటర్ల జాబితా. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పోలింగు కేంద్రాల వారీగా దొరుకుతుంది. పేజీకి ముప్పై మంది, ప్రతి ఒక్కరికీ పేరు, తండ్రో భర్తో ఎవరో, వయసు ఉంటాయి. బొమ్మల్లా ఉండే పేజీలు కాబట్టి వెతుకుడు పనిచెయ్యదు, కళ్ళతోనే చదవాలి. మీ పల్లె, పక్క పల్లె చదివితే చాలు. అన్ని రూపాలూ లెక్కలోకి తీసుకోండి: అలివేలు, అలివేలమ్మ, అల్వేలు, అలమేలు, అలివేలు మంగమ్మ. ఒట్టి మంగమ్మల్లో కొందరు అలివేలు మంగలే, వాళ్ళను ఇంటింటా అడిగితేనే తెలుస్తుంది. పేరు పక్కన వయసు రాసుకోండి, అసలు సంగతి వయసు చెబుతుంది. మా ఊళ్ళో కనబడ్డ అలివేలమ్మలంతా అరవై దాటినవాళ్ళు. వాళ్ళ కూతుళ్ళు పద్మలు, పద్మావతులు. మనవరాళ్ళు శ్రావణిలు, మౌనికలు. అమ్మవారు అదే, పేరే అరవం నుంచి సంస్కృతానికి, అక్కణ్ణించి టీవీకి మారింది. ఆ జాబితాలోని పేర్లు మీ కోసం చూసుకోండి, ఎక్కడా బయట పెట్టకండి.

రాయించేటప్పుడు

ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి, మా నాయన తిరిగిన తిరుగుడు నేను మరిచిపోలేదు. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చెయ్యాలి, కానీ పేరు అప్పుడే చెప్పక్కర్లేదు. 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించొచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో. అందుకని తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం, అందులో పడ్డ అక్షరాలే జీవితాంతం వెంట వస్తాయి. పేరును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్పొద్దు. ఇంగ్లీషులో ఒకే వరస ఎంచుకోండి. మేము ఎ, ఎల్, ఐ, వి, ఇ, ఎల్, యు అని ఎంచుకున్నాం. చివర అమ్మ, మంగ, దేవి చేర్చాలా వద్దా అన్నదీ ముందే తేల్చుకోండి. మేము చేర్చలేదు.

"పిలవడానికి పొడుగు" అన్నవాళ్ళకు అల్లి అని పిలవమన్నాను. అల్లి అంటే కలువ, అదీ కొలనులోని పువ్వే.

నామకరణం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో అత్తమ్మ చేతే రాయించాను. ఆవిడ రాస్తూ రాస్తూ ఆగి "లి కి గుడా, దీర్ఘమా" అని అడిగారు. గుడే అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఆద్య మాట ఎత్తలేదు.

ఒక పని మాత్రం మీరు ఇవాళే చెయ్యండి. ఆ పేరును పాత తీరులో పలకగలిగినవాళ్ళు బతికుంటే ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. పక్కింటి అవ్వ గోడకు అటువైపు నిలబడి "అలమేలూ" అని పిలిచింది, ఆరు సెకన్లు. పాప ధ్రువపత్రం దాచిన చోటే ఆ గొంతునూ దాచాను.