సదరం స్లాట్ నుంచి ఒకటో తేదీ పెన్షన్ దాకా

దివ్యాంగుల పెన్షన్ అడగాలంటే సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. సదరం కావాలంటే ముందు ఆధార్ సరిగ్గా ఉండాలి. ఈ వరస తెలియక నేరుగా పెన్షన్ అప్లికేషన్ రాయించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో, గ్రామ సచివాలయం పక్కనే నాది జిరాక్స్ షాపు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది, క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. నేనూ ఈ కాగితాల దారిలో వచ్చినదాన్నే. అందుకే షాపు మెట్ల దగ్గర ఆగి "అక్కా, మా నాయనకు పెన్షన్ వస్తుందా" అని అడిగేవాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్ పద్ధతి. తెలంగాణలో ఇచ్చే డబ్బు వేరు, దరఖాస్తు దారి వేరు.

ముందు ఆధార్ తీసి చూడండి. పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు రైస్ కార్డులో ఉన్నట్టే ఉన్నాయా? ఫోన్ నంబరు లింక్ అయ్యి, ఆ సిమ్ ఇప్పటికీ పనిచేస్తోందా? సదరం క్యాంపులో డాక్టర్ల ముందుకు ఏ రోజు రావాలో చెప్పే స్లాట్ మెసేజ్ ఆ ఫోన్‌కే వస్తుంది. కొడుకు బెంగళూరులో ఉండి, నంబరు కొడుకుదైతే, మెసేజ్ అక్కడికి పోతుంది, ఇక్కడ క్యాంపు తేదీ దాటిపోతుంది. పిల్లలకైతే ఐదేళ్లకు, మళ్లీ పదిహేనేళ్లకు వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. ఇంట్లో ఎవరైనా మంచంలో ఉంటే ఆధార్ పని చివరిదాకా వాయిదా వేయకండి, అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది అదే.

తర్వాత సదరం స్లాట్. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గరగానీ మీసేవలోగానీ ఆధార్ నంబరు ఇచ్చి బుక్ చేయిస్తారు. స్లాట్లు ఎప్పుడూ తెరిచి ఉండవు. తెరిచిన రోజు తొందరగా నిండిపోతాయి కాబట్టి, ఎప్పుడు తెరుస్తారో సచివాలయంలో అడిగి పెట్టుకుని ఆ రోజు పొద్దున్నే వెళ్లండి. బుక్ చేసేటప్పుడు వైకల్యం ఏ రకమో అడుగుతారు. కాలు చేతులదా, చూపుదా, వినికిడిదా, బుద్ధిమాంద్యమా, మానసిక జబ్బా అని. ఇక్కడ తప్పు రకం పెడితే ఆ రోజు ఆ డాక్టరు ఉండరు, అంత దూరం వెళ్లి వెనక్కి రావాల్సి వస్తుంది. అన్ని ఆసుపత్రుల్లో అన్ని విభాగాల డాక్టర్లు ఉండరు. మీ రకానికి ఏ ఆసుపత్రి చూపిస్తోందో స్క్రీన్ మీద చూసి మరీ ఒప్పుకోండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పోలియో, చూపు, వినికిడి మాత్రమే అనుకుని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు చాలామంది. మరుగుజ్జుతనం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, పార్కిన్సన్స్, నయమైన కుష్ఠు, యాసిడ్ దాడి గాయాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

వైకల్యం 40 శాతం అనేది గీత. దాని కింద పెన్షన్ రాదు. చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. రెండు వైకల్యాలు ఉంటే రెండూ లెక్కలోకి వస్తాయి. నేరుగా కూడరు, ఒక సూత్రం ఉంది. కాలికి 30, వినికిడికి 30 వచ్చాయనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ గీత కిందే. కలిపి లెక్కవేస్తే 50 శాతం అవుతుంది. అందుకే స్లాట్ పెట్టేటప్పుడే రెండూ ఉన్నాయని చెప్పాలి. కాలు కుంటుతోందని కాలు ఒక్కటే చూపించి, చెవి సంగతి ముసలితనం ఖాతాలో వేసి వచ్చేసిన పెద్దవాళ్లను చూశాను. నాకు చాలా బాధనిపిస్తుంది.

క్యాంపు రోజుకు ఏం పట్టుకెళ్లాలంటే: ఆధార్ ఒరిజినల్, స్లాట్ రసీదు, ఆధార్‌కు లింకైన ఫోన్, పాత వైద్యం కాగితాలన్నీ. ఆపరేషన్ డిశ్చార్జి షీటు, ఎక్స్‌రేలు, స్కానింగులు, వినికిడి పరీక్షలు, మానసిక వైద్యమైతే మందుల చీటీలు తేదీల వరసలో పెట్టండి. ఒరిజినల్స్ ఎవరి చేతిలోనూ వదిలిపెట్టొద్దు, జిరాక్స్ సెట్ ఒకటి వేరుగా ఉంచండి. పొద్దున్నే బయలుదేరండి, అన్నం, నీళ్లు, మందులు వెంట ఉండాలి. లైను పొడుగ్గా ఉంటుంది, కూర్చునే చోటు దొరక్కపోవచ్చు. మంచంలో ఉన్న మనిషిని తీసుకెళ్లేటప్పుడు ఇద్దరు వెంట ఉండాలి, ఒకరు లైనులో, ఒకరు మనిషి దగ్గర.

డాక్టరు ముందు మనవాళ్లకు ఒక అలవాటు. "ఎట్లా ఉంది" అంటే "ఏదో నెట్టుకొస్తున్నాం సార్" అంటారు. దయచేసి అలా అనకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంత దూరం నడవగలరు, కింద కూర్చుంటే లేవగలరా, బకెట్ నీళ్లు మోయగలరా, గుండీలు పెట్టుకోగలరా అన్నవి చెప్పాలి. లేనిది కల్పించనక్కరలేదు. కాలు చేతులకైతే డాక్టరు కీళ్లు ఎంత కదులుతున్నాయో, కండరం బలం ఎంతో కొలుస్తారు. మానసిక జబ్బుకు లెక్క వేరు. తన పని తాను చేసుకోగలడా, నలుగురితో ఎలా ఉంటాడు, మాట ఎలా ఉంది, పనిచేయగలడా, ఎన్నేళ్ల నుంచి ఇలా ఉంది అని చూస్తారు. అక్కడ రోజూ దగ్గరుండి చూసుకునే మనిషి మాటే ముఖ్యం. తల్లిని తీసుకెళ్లండి, ఊళ్లో మాటకారి కదా అని బాబాయిని పంపకండి.

పక్షవాతం వచ్చిన కొత్తలో, ఇంకా వైద్యం జరుగుతుండగా వెళ్తే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, లేదా కొన్ని నెలలాగి రమ్మంటారు. చిన్నపిల్లలకూ సాధారణంగా తాత్కాలికమే వస్తుంది. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ క్యాలెండరులో రాసుకుని, అంతకు చాలా ముందే మళ్లీ స్లాట్ పెట్టండి.

సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వచ్చాక సచివాలయంలోనే ప్రింటు తీస్తారు. పేరు, వైకల్యం రకం, శాతం, తాత్కాలికమా శాశ్వతమా అన్న నాలుగూ అక్కడే చదివించుకోండి.

ఇప్పుడు పెన్షన్ అప్లికేషన్. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ తీసుకుంటారు. కొత్త దరఖాస్తులకు ప్రభుత్వం వీలు ఇచ్చినప్పుడే సైటు తెరుచుకుంటుంది, కాబట్టి సదరం చేతిలో పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఎన్టీఆర్ భరోసా పెన్షన్ పథకం కింద 2024 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో వీల్‌చైరుకో పరిమితమైనవాళ్లకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు 15,000. దివ్యాంగులకు వయసు పరిమితి లేదు. ఇంట్లో అవ్వకో తాతకో పెన్షన్ వస్తోందని దివ్యాంగుల పెన్షన్ అడగడం మానేయకండి, సచివాలయంలో అడిగి చూడండి.

అసలు చిక్కు, అర్హత ఉందో లేదో కంప్యూటరులో చూసే ఆరు అంచెల పరిశీలనలో వస్తుంది. పల్లెల్లో కుటుంబం ఆదాయం నెలకు 10,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. సొంత కారు ఉండకూడదు, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. కంప్యూటరు ఆధార్‌ను బట్టి చూస్తుంది, మన ఇంటిని కాదు. అన్నదమ్ముల మూడిళ్ల మీటర్లు ఒకే పెద్దాయన ఆధార్‌కు లింకై ఉంటే యూనిట్లన్నీ ఆయన లెక్కలోకే పోతాయి. ఎప్పుడో అమ్మేసిన పొలం ఇంకా మన పేరు మీద చూపిస్తుంది. వేరుపడిన తమ్ముడు ఇంకా మన ఇంటి మ్యాపింగ్‌లోనే, అంటే సచివాలయం లెక్కలో మన కుటుంబంలోనే ఉంటాడు. తిరస్కరిస్తే "ఏ అంచెలో ఆగిందో చెప్పండి సార్" అని అడగండి. మీటరైతే కరెంటు ఆఫీసు, పొలమైతే తహసీల్దారు ఆఫీసు, మ్యాపింగ్ అయితే సచివాలయం. కాగితం సరిచేయించుకుని మళ్లీ పెట్టండి. వినకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు నంబరు ఉన్న అర్జీకి జవాబు చెప్పాల్సి ఉంటుంది.

శాతం ఎక్కువ వేయిస్తానని డబ్బులడిగే మధ్యవర్తులు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లకు రూపాయి ఇవ్వకండి. 2025లో పెన్షన్ తీసుకుంటున్న దివ్యాంగులను మళ్లీ డాక్టర్ల ముందుకు పిలిచారు. దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి మొదలైన ఆ పరీక్షలో నిజంగా కాలు లేనివాళ్లు కూడా ఎండలో లైను కట్టాల్సి వచ్చింది. 40 లోపు వచ్చిందని నోటీసు వస్తే భయపడి ఊరుకోకండి. అప్పీలు చేసుకోవచ్చు, నోటీసు పట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లండి.

పెన్షన్ మంజూరయ్యాక ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. వేలిముద్ర పడకపోతే కంటిపాపతోనో ముఖంతోనో ప్రయత్నించమని అడగండి. పనికి బెంగళూరు వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: ఒకటి రెండు నెలలు తీసుకోకపోతే తర్వాత నెలలో కలిపి ఇస్తారు. మూడు నెలలూ రాకపోతే ఊరొదిలి వెళ్లినట్టు లెక్కేసి ఆపేస్తారు.

సదరం చేతికొచ్చాక పెన్షన్‌తో ఆగిపోవద్దు. స్వావలంబన్ సైటులో యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు పెట్టండి, అది దేశమంతా చెల్లుతుంది. దివ్యాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపు పడితే ట్రైసైకిల్, వినికిడి యంత్రం, క్యాలిపర్ దొరుకుతాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు ఇస్తారు. ఆ పిల్లలకు 18 నిండితే బ్యాంకులో, ఆస్తి వ్యవహారాల్లో తల్లి సంతకం సరిపోదు. కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి గార్డియన్‌షిప్ కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఆ కాగితాలు పదిహేడో ఏటి నుంచే పోగుచేయడం మొదలుపెట్టండి.