సంకారా హత్యను నాటకంగా రాయాలంటే

చావును మొదటి రంగంలోనే చెప్పేయండి. పశ్చిమాఫ్రికా దేశం బుర్కినా ఫాసో అధ్యక్షుడు థామస్ సంకారాను 1987 అక్టోబర్ 15న రాజధాని వాగడూగులో మరో 12 మందితో పాటు సైనికులు కాల్చి చంపారు. మరణ ధ్రువపత్రంలో మాత్రం 'సహజ మరణం' అని రాశారు. ఒక బల్ల, ఆ కాగితం పైకి చదివే గుమాస్తా. తెర లేవగానే ఇంతే చాలు. ఇక ప్రేక్షకుడు ఏమవుతుందా అని చూడడు, ఎవరు చేశారా అని చూస్తాడు.

దోషిగా తేలినవాడు ప్రాణస్నేహితుడు బ్లేజ్ కంపావొరే. సంకారా తల్లిదండ్రులు అతన్ని కొడుకులా చూసుకున్నారు. ఇలాంటి నాటకాలు దెబ్బతినేది ఇక్కడే. ద్రోహి రాగానే మీసం మెలేస్తాడు, పావుగంటలో అందరికీ తెలిసిపోతుంది, అది కనిపెట్టలేని నాయకుడు తెలివితక్కువవాడిలా మిగులుతాడు. గంట నాటికలో మొదటి పాతిక నిమిషాలు బ్లేజ్ మనకు నచ్చాలి. సంకారా తల్లి ఇంట్లో భోజనాల రంగం ఒకటి కల్పించండి:

"వాడి కోసం చూస్తున్నావా బ్లేజ్? తినరా."
"వాడొస్తే గిన్నె ఖాళీ అయిపోతుందమ్మా, నాకు ముందే పెట్టెయ్."

సంకారాను దేవుణ్ణి చేయకండి. సర్కారు మెర్సిడెస్ కార్లు అమ్మించి చిన్న రెనో 5లో తిరిగిన మనిషే, 1984లో సమ్మె చేసిన టీచర్లను వెయ్యిమందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేశాడు. అలాంటి టీచరమ్మను ఒక పాత్ర చేయండి. ఆమె అడిగేదానికి అతని దగ్గర సగం జవాబే ఉండాలి. అప్పుడే, "నువ్వు వినడం మానేశావు" అని బ్లేజ్ అనే మాటకు బరువొస్తుంది.

ఉపన్యాసం ఏదీ నిమిషంన్నర దాటకూడదు. వాచీ పెట్టుకుని పైకి చదివి చూసుకోండి. 1987 జూలైలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాల సమావేశంలో సంకారా, అప్పులు కట్టబోమని అన్ని దేశాలూ కలిసి చెప్పాలని, బుర్కినా ఒక్కటే చెబితే వచ్చే సమావేశానికి తాను ఉండనని అన్నాడు. ఆ ఒక్క ముక్క చాలు. చప్పట్లు వినపడుతుండగానే లైటు బ్లేజ్ మీదికి జరపండి.

పాత్రలు ఏడు మించితే కొత్త పేర్లు కలగాపులగమవుతాయి. మన నటులు అలవాటుగా 'శంకరా' అనేస్తారు, మొదటి రిహార్సల్లోనే సరిదిద్దండి.

కాల్పులు తెర వెనకే జరగాలి. చప్పుడు అర సెకను ఆలస్యమైతే హాలు నవ్వుతుంది. ఆ రోజు సంకారా ఆటల దుస్తుల్లో ఉన్నాడు. సమావేశంలోంచి లేచి తలుపు వైపు నడుస్తాడు, చీకటి. బ్లేజ్ చేతికి తుపాకీ ఇవ్వకండి. ఆ వేళ ఇంట్లో ఉన్నానని చెప్పుకున్నాడు. 2022లో సైనిక న్యాయస్థానం, అతను హాజరు కాకపోయినా, యావజ్జీవ శిక్ష వేసింది. అతన్ని మోగుతున్న ఫోను ముందు ఎత్తకుండా కూర్చోబెట్టండి. విదేశీ హస్తం గురించి ఎన్నో అనుమానాలున్నాయి, వాటిని ఏదో పాత్ర నోట అనుమానంగానే పలికించండి.

చివరి రంగంలో అదే బల్ల, అదే గిన్నె. తల్లి ఇద్దరికీ వడ్డిస్తుంది. రెండు కుర్చీలూ ఖాళీ.